కోరి తెచ్చుకున్న అత్తగారు

మామగారికి మళ్ళీ పెళ్ళి చెయ్యాలన్న ఆలోచన ఉర్కియేకి పోలీసు లారీలో వచ్చింది.

లారీ ఆమెకు కొత్త కాదు. ఆ ఏడు వసంతం నుంచి వాళ్ళని క్రిమియా బయటికి తోలడం అది మూడోసారి. మొదటిసారి ఏడ్చింది. రెండోసారి తిట్టింది. మూడోసారి వస్తున్నారని ఊళ్ళో గుసగుసలు వినపడగానే గుడ్లు ఉడకబెట్టి, పరుపులు చుట్టి, పిల్లలిద్దరికీ తలలు దువ్వి, పొద్దున్నే తలుపులు బార్లా తెరిచి గుమ్మంలో మూటల మీద కూర్చుంది. సార్జెంట్ గ్లుష్కో అలవాటు కొద్దీ తలుపు తన్నడానికి కాలెత్తుకుంటూ వచ్చాడు. తన్నడానికి తలుపు అడ్డం లేదు. ఎత్తిన కాలుతో కొంగలా కాసేపు నిలబడ్డాడు.

"రా బాబూ. బూట్లు దులుపుకుని రా, నిన్ననే అలికాను," అంది ఉర్కియే.

"వేళాకోళాలాడకమ్మా," అన్నాడు గ్లుష్కో దిగులుగా. "నాకు మాత్రం సరదానా? నేను మిమ్మల్ని అంత దూరం తీసికెళ్ళి దింపి రావడం, మర్నాటికల్లా మీరు మళ్ళీ ఇక్కడ కోళ్ళకి గింజలు చల్లుతూ కనపడటం. మా ఆవిడ కూడా నవ్వుతోంది."

నిజానికి ఆ ఉద్యోగంలో అర్థం లేదని అందరికంటే బాగా గ్లుష్కోకే తెలుసు. సరిహద్దు దాటాక మొదటి రైల్వే స్టేషన్ దగ్గర దింపేవాడు. అక్కడ తాతారు కుటుంబాలు జాతరలా ఉండేవి, అందరూ అలా దింపబడ్డవాళ్ళే. ఉర్కియే వాళ్ళు రాత్రికి ఎవరో ఒకరి పంచన పడుకుని, పొద్దున్నే రైలెక్కి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరేవాళ్ళు.

ముసలాయన అబ్కెరీమ్ మాత్రం ప్రతిసారీ నాటకం ఆడేవాడు. యుద్ధంలో వచ్చిన పతకాలన్నీ కోటుకి తగిలించుకుని, మీసాలకి నూనె రాసుకుని, డ్రైవరు పక్క సీటు ఇస్తే గాని ఎక్కనని భీష్మించేవాడు. పతకాలు చూసి కుర్ర పోలీసులు పొరపాటున సెల్యూట్ కొట్టేవాళ్ళు. ఆ తర్వాత ఆయన నడుం పట్టుకుని సీట్లోకి ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు.

మరి ఇంత తోలడం దేనికంటే, ఉర్కియేకి ఆరేళ్ళప్పుడు సైనికులొచ్చి, పావుగంటలో సర్దుకోమని, ఊళ్ళకి ఊళ్ళు, మొత్తం తాతారు జాతినే పశువుల రైలు పెట్టెల్లో కుక్కి ఉజ్బెకిస్తాన్ పంపించారు. మీరంతా ద్రోహులన్నారు. ఇరవై మూడేళ్ళ తర్వాత, అబ్బే, మీరు ద్రోహులు కారు, ఇక దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు అంటూ ప్రభుత్వం ఒక ప్రకటన వేసింది. ఆ 'ఎక్కడైనా'లో క్రిమియా తప్ప అన్నీ ఉన్నాయని వచ్చాక గాని తెలియలేదు. ఇల్లుంటే గాని, ఇక్కడ ఉండొచ్చన్న నివాస ముద్ర పాస్‌పోర్టులో వెయ్యం అంది పాస్‌పోర్టు ఆఫీసు. ముద్ర ఉంటే గాని ఇంటి అమ్మకం నమోదు చెయ్యం అంది రిజిస్ట్రేషన్ ఆఫీసు. రెండు ఆఫీసులూ ఒకే వరండాలో ఎదురెదురుగా ఉండేవి. ఉర్కియే భర్త సెయ్రాన్ ఆ వరండాలో అటూ ఇటూ తిరిగి జోళ్ళు అరగదీశాడు. మంచి ట్రాక్టరు మెకానిక్ అతను. ఏ యంత్రమైనా ఎక్కడో ఒకచోట కదులుతుందని నమ్మేవాడు. ఇది ఎక్కడా కదల్లేదు.

అంచేత మైదానంలో వాళ్ళు డబ్బిచ్చి కొనుక్కున్న ఇల్లు కాగితం మీద అమ్మినావిడదే. ఆవిడ పేరు పరాస్క. యుద్ధంలో మొగుడు పోయిన ఉక్రెయిన్ మనిషి. ఇల్లమ్మి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండానే అల్లుడి మీద గరిటె విసిరి, మూట నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చింది. వస్తూ వస్తూ పక్కింట్లో వదిలిపెట్టిన పందిని కూడా తోలుకొచ్చింది.

"ఇది మా ఇల్లు పెద్దమ్మా. నీకు డబ్బిచ్చాం," అంది ఉర్కియే.

"ఇచ్చారు. లేదన్నానా? కానీ కాగితంలో నాదేగా. కాగితంలో ఉన్నదాన్ని పట్టుకుని వీధిలో పడుకోమంటావా?"

చివరికి రెండు గదులు వీళ్ళకీ, వంటగది ఆవిడకీ పంచుకున్నారు. వంటగది పంచుకోవడమంటే దేశాలు పంచుకోవడం కంటే కష్టం. పరాస్క పంది కొవ్వులో ఉల్లిపాయలు వేయించేది. ఉర్కియే తన మూకుడు తీసుకుని ముక్కు మూసుకుని పెరట్లో పొయ్యి పెట్టుకునేది. "నా కొవ్వు వాసన నీ మాంసాన్ని కొరుకుతుందా ఏంటే?" అని పరాస్క కిటికీలోంచి అరిచేది. ఇక పంది. దాని పేరు బోర్కా. ఆ ఇంట్లో అంతమంది ఉండగా దానికి అబ్కెరీమ్ అంటేనే ప్రాణం. నమాజుకని చేతులు కడుక్కుని లేచేసరికి ఎదురుగా నిలబడి ఆయన మోకాలికి మూతి రాసేది. మళ్ళీ కడుక్కునేవాడు. మళ్ళీ రాసేది.

"సముద్రపొడ్డున ద్రాక్షతోటల మధ్య పుట్టినవాణ్ణి," అని వాపోయేవాడాయన. "ఈ బోడి మైదానం క్రిమియానా? ఇది క్రిమియా వీపు. మీ మైదానపోళ్ళకి సరిపోతుందిలే అమ్మాయ్, గుర్రప్పాలు తాగి పెరిగినోళ్ళు." ఉర్కియేది మైదానం. పన్నెండేళ్ళుగా ఈ మాట విని విని ఆమె చెవులు కాయలు కాశాయి.

అయితే రెండోసారి వీళ్ళని తోలేసిన రోజున ఒక సంగతి జరిగింది. ఇంటిపైకప్పు కూల్చడానికి ట్రాక్టరు వచ్చింది. పరాస్క గుమ్మానికి అడ్డంగా స్టూలేసుకుని కూర్చుని, "యుద్ధంలో ప్రాణం ఇచ్చినోడి పెళ్ళాం ఇల్లు కూలుస్తావట్రా? కూల్చు. ముందు నా మీద నించి పోనియ్," అందట. డ్రైవరు ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని పోయాడు. మూడోసారి లారీ కదులుతుంటే కూడా ఆవిడ గేటు దగ్గర నిలబడి పోలీసుల్ని దులిపేస్తూ ఉంది. లారీ వెనక మూటల మీద ఊగుతూ ఆవిడకేసి చూస్తున్న ఉర్కియేకి అప్పుడు తట్టింది. మనలో ఒక్కరు కాగితం మీద ఈవిడ మనిషి అయితేనో?

స్టేషన్ బల్ల మీద గుడ్డు ఒలిచి భర్త చేతిలో పెడుతూ ఆ మాట చెప్పింది. సెయ్రాన్‌కి గుడ్డు గొంతుకడ్డం పడింది.

"మా నాన్నకా? పరాస్కతోనా?"

"నీకు చెయ్యలేను గదా. నీకు నేనున్నాను."

"మా అమ్మ పోయి మూడేళ్ళన్నా కాలేదే!"

"అత్తయ్య ఉంటే ఆవిడే ఒప్పుకునేది. కాగితం కోసమేగా. భార్యకి ఇల్లుంటే మొగుడికి ముద్ర వెయ్యక చస్తారా? ముందు ఒక కాలు లోపల పెడదాం, మిగతా కాళ్ళ సంగతి తర్వాత."

అబ్కెరీమ్‌కి రైల్లో చెప్పారు. పెట్టెలో అందరూ తిరిగి చూసేలా అరిచాడు. పందులు మేపే మనిషినా, మైదానం మనిషినా, మూతి మీద తనకంటే ఎక్కువ మీసం ఉన్న మనిషినా అన్నాడు. తర్వాతి స్టేషన్‌లో టీ తెచ్చిస్తే తాగి, "వయసెంతంటావ్?" అని అడిగాడు.

ఈ వార్త చుట్టుపక్కల ఊళ్ళలోని తాతార్లకి పొక్కింది. ఉద్యమం పెద్ద బిల్యాల్ గారు పనిగట్టుకుని వచ్చాడు. ఆయన మాస్కోకి ఎన్నోసార్లు విన్నపాలు మోసుకెళ్ళినవాడు, జైలుకెళ్ళినవాడు, మాట్లాడ్డం మొదలెడితే ఆపేవాడు లేనివాడు. ఉర్కియే మాంసం కూరి చెబురెక్కులు వేయిస్తుంటే, నూనెలో పొంగినవి పొంగినట్టే తింటూ ఉపన్యాసం ఇచ్చాడు.

"మనం జాతిగా తిరిగి రావాలమ్మా, పెళ్ళికొడుకులుగా కాదు. హక్కుగా రావాలి, ఇల్లరికంగా కాదు. రేపు చరిత్ర ఏమంటుంది?"

"చరిత్ర సంగతి తెలీదు గాని, సార్జెంటు మళ్ళీ వారంలో వస్తాడు," అంది ఉర్కియే. "ఆయనకేం చెప్పమంటారు? ఇంకోటి వెయ్యమంటారా?"

"వెయ్యి," అన్నాడు బిల్యాల్ గారు. అది చెబురెక్కు సంగతో, పెళ్ళి సంగతో తేలలేదు. ఉర్కియే రెండిటికీ సమ్మతమనే అనుకుంది.

ఆ సాయంత్రమే వంటగదిలోకి వెళ్ళి పరాస్కతో మాట్లాడింది. ఉత్త కాగితం కోసమే పెద్దమ్మా, నీకేం ఇబ్బంది ఉండదు, ఎక్కడ పడుకునేవాళ్ళు అక్కడే పడుకుంటారు అంది. పరాస్క బంగాళాదుంప చెక్కుతూ, "అడగాల్సినాయన్ని వచ్చి అడగమను," అని మాత్రం అంది.

మర్నాడు అబ్కెరీమ్ పతకాలు తగిలించుకుని వెళ్ళాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. చేతుల్లో పెద్ద గుమ్మడికాయ ఉంది. మొహం వెలిగిపోతోంది.

"ఏమంది మావయ్యా?"

"ఏమీ అన్లేదు. సిగ్గుపడ్డట్టుంది. ఇది చేతిలో పెట్టి తలుపేసేసుకుంది. బాగా ముగ్గింది, చూడు. మాంసం పెట్టి రొట్టెలు చెయ్యి."

ఆ గుమ్మడికాయని ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉండగా గ్లుష్కో వచ్చాడు. పది రోజుల్లో ఖాళీ చెయ్యాలన్న ఉత్తర్వు ఇవ్వడానికి వచ్చినవాడు, ముసలాయన్నీ గుమ్మడికాయనీ చూసి ఆగిపోయాడు.

"ఎవరిచ్చారు?"

"పరాస్క. పెళ్ళి మాట అడిగాను."

గ్లుష్కో అరుగు మీద కూలబడి, టోపీ తీసి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "తాతా! మా ఉక్రెయిన్ ఊళ్ళల్లో పెళ్ళి అడగొచ్చినోడికి పిల్ల గుమ్మడికాయ ఇచ్చిందంటే, పోరా నీ మొహం అని అర్థం. ఊరంతా చూసేలా దాన్ని మోసుకుంటూ ఇంటికి పోవాలి. నాకూ ఒకటొచ్చింది, నాకు తెలుసు ఆ బరువు!"

అబ్కెరీమ్ మొహం మీద వెలుగు ఆరిపోయింది. గుమ్మడికాయని మెల్లగా పక్కన పెట్టాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తనని ఉజ్బెకిస్తాన్‌లో ముగ్గురు విధవరాళ్ళు అడిగారని గోడతో చెప్పాడు. మర్నాటి నుంచి ఆయన తీరే మారిపోయింది. ఎవరూ అడక్కుండా పరాస్క పొయ్యి పొగగొట్టంలో మసి దులిపాడు. వంటగదికి సున్నం వేశాడు. వంగిపోయిన పందిదొడ్డి కంచె నిలబెట్టాడు. ఒకనాడు ఉర్కియే బావి దగ్గర్నుంచి వస్తూ, మామగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడుగాటి చీపురుతో బోర్కాకి స్నానం చేయించడం చూసి బిందె కింద పడేసుకుంది.

కాగితం కోసం మొదలైన పని మరెటో పోతోందని ఆమెకి అనుమానం తగిలింది.

రెండు రోజులు పోయాక పొద్దున పుల్లలు పట్టుకుని వంటగది దగ్గరికి వెళ్ళేసరికి లోపల మాటలు వినిపించాయి. ఆగకూడదని తెలుసు. ఆగింది.

"నాలో ఏం లోపం ఉందని ఇచ్చావ్ ఆ కాయ?" అంటున్నాడు అబ్కెరీమ్.

"నీలో లోపం గురించి నేననలేదే. మీ కోడలు వచ్చి ఏమంది? కాగితం కోసమే పెద్దమ్మా అంది. నన్నడిగిందా, నా పాస్‌పోర్టుని అడిగిందా? నేనేమన్నా రబ్బరు స్టాంపునా? నువ్వొచ్చి ఏమన్నావ్? మనకి పెళ్ళయితే ముద్ర వేస్తారంట అన్నావ్. మా ఆయన నన్ను అడిగినప్పుడు మూడు మైళ్ళు మంచులో నడిచొచ్చి మాట రాక వెనక్కి పోయాడు తెలుసా? అదీ అడగడమంటే."

బయట ఉర్కియే మొహం వేడెక్కింది.

"నేను యుద్ధం నుంచి దిగేసరికి మా ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు," అన్నాడు అబ్కెరీమ్. అరుపుల్లేని ఆ గొంతు ఉర్కియే ఎప్పుడూ వినలేదు. "స్టేషన్‌లో ఒక ఆఫీసరు నా పతకాలు చూసి, భుజం తట్టి, నువ్వు కూడా అటే పో అన్నాడు. యూనిఫారంలోనే పోయాను. మా ఆవిడ పత్తి చేల దగ్గర రేకుల షెడ్డులో ఉంది. గుర్తుపట్టలేకపోయాను. తీసికెళ్తా, తీసికెళ్తా అని ఇరవయ్యేళ్ళు చెప్పాను దానికి. ప్రకటన రావడానికి ఆర్నెల్ల ముందు పోయింది. నాకు దాని మీద ఇప్పటికీ కోపమే. ఇంత ఆగిందానివి ఆర్నెల్లు ఆగలేవా?"

"మొగోళ్ళకి చచ్చినోళ్ళ మీద కూడా అధికారమే," అంది పరాస్క, మెల్లగా. తర్వాత అంది, "మాకు మా ఊళ్ళో తిండి లేదు. క్రిమియాలో ఖాళీ ఇళ్ళున్నాయి, రండి అన్నారు. వచ్చాను. ఇదే ఇల్లు. లోపలికొస్తే పిండి తొట్టి ఉంది. అందులో పిండి కలిపింది కలిపినట్టే ఉంది, రాయైపోయి. సుత్తి పెట్టి కొట్టి తీశాను. ఎవరిదని అడగలేదు. అడిగితే నన్ను కూడా ఎక్కడికి పంపుతారో అని. ఆ తొట్టిలోనే ఇన్నేళ్ళూ రొట్టె చేసుకు తిన్నాను."

ఉర్కియే చేతిలో పుల్లలు బరువెక్కాయి. ఆ తొట్టిలో తనూ నిన్ననే పిండి కలిపింది.

"సరే," అన్నాడు ముసలాయన. "ముద్ర సంగతి పక్కన పెట్టు. ఆ ముద్ర లేకపోయినా... అంటే... నేననేదేంటంటే..."

"ఊఁ?"

"నాకు మాట రావట్లేదు."

"ఇప్పుడు కాస్త బావుంది," అంది పరాస్క. "పందిని తిట్టకూడదు."

"తిట్టను."

"పేరుతో పిలవాలి."

చాలాసేపు బేరం నడిచింది. చివరికి, పేరుతో పిలుస్తాడు గాని జనం ముందు కాదని తేలింది.

పెళ్ళి నమోదు ఎక్కడ? క్రిమియాలో ఏ ఆఫీసూ నివాస ముద్ర లేని తాతారుకి పెళ్ళి చెయ్యదు. సరిహద్దు అవతలికి పోవాలి. ఇంతమంది రైలు టిక్కెట్లెందుకు దండగ, గ్లుష్కో ఎలాగూ వస్తాడుగా అంది ఉర్కియే. వచ్చాడు. ఈసారి ఇంటిల్లిపాదీ ఉతికిన బట్టల్లో సిద్ధంగా ఉన్నారు. ముసలాయన మీసాలు కత్తిరించుకున్నాడు. పరాస్క పూల రుమాలు కట్టుకుని, కొత్త జోళ్ళు చేత్తో పట్టుకుని, అందరికంటే ముందు లారీ ఎక్కింది.

"మామ్మా, దిగు. నీకు ముద్ర ఉంది. నిన్ను తోలమని నాకు ఉత్తర్వు లేదు," అన్నాడు గ్లుష్కో.

"వీళ్ళు తోలించుకోవచ్చు గాని నేను తోలించుకోకూడదా? ఈ దేశంలో అందరూ సమానమని బళ్ళో చెప్పలేదట్రా నీకు?"

గ్లుష్కో రుమాలుకేసీ, మీసాలకేసీ, ఉర్కియే ఒళ్ళో ఉన్న వేయించిన కోడికేసీ చూశాడు. అర్థమైంది. కాసేపు తల గోక్కున్నాడు. "నేనేం చూళ్ళేదు. నాకేం తెలీదు," అని, పరాస్కకి చెయ్యిచ్చి డ్రైవరు పక్క సీట్లోకి మార్చాడు. అబ్కెరీమ్ మొట్టమొదటిసారి లారీ వెనక, మూటల మీద కూర్చున్నాడు. గొణగలేదు. దారి పొడుగునా సెయ్రాన్ పెళ్ళిపాట పాడుతుంటే ఇద్దరు కుర్ర పోలీసులు తుపాకీ మడమలతో తాళం వేశారు.

అవతలి పట్నంలో పెళ్ళిళ్ళ ఆఫీసులో ఒకావిడ కళ్ళద్దాల మీంచి చూసింది. దరఖాస్తు ఇచ్చాక నెల్లాళ్ళు ఆగాలంది. తొందరపడి చేసుకోకుండా ఆలోచించుకోవడానికట.

"అమ్మా, నాకు అరవై రెండు," అన్నాడు అబ్కెరీమ్. "నెల్లాళ్ళు ఆలోచిస్తే వద్దనిపిస్తుందేమో. ఆవిడకి కూడా."

ఆవిడ నవ్వాపుకుంటూ లోపలికెళ్ళి ఎవర్నో అడిగి వచ్చింది. కలం ఇచ్చింది. పరాస్క తన పేరు నెమ్మదిగా, ఒక్కో అక్షరం, నాలుక చివర బయటపెట్టి రాసింది. అంతా అయ్యాక ఉర్కియే ముందుకెళ్ళి, తాతారు పద్ధతిలో ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకుంది.

"అత్తయ్యా," అంది.

ఆ మాట నోటివెంట వచ్చాక గాని, తను ఏం చేసుకుందో ఆమెకి తెలిసి రాలేదు.

మర్నాడే తెలిసింది. "అత్తగారు ఉండగా కోడలు పెరట్లో వండుకుంటే ఊరు నన్ను తిడుతుంది. లోపలికి రా. ఉల్లిపాయ అలాగేనా తరిగేది? ఆ మొద్దు కత్తి ఎవరిచ్చారే నీకు?" అంది పరాస్క. కొవ్వు మూకుడు ఎక్కడుండాలి, మాంసం మూకుడు ఎక్కడుండాలి అన్న దానికి ఒక అలమరా, ఒక పరదా, రెండు అలకలు కావాల్సొచ్చాయి. దాదాపు పదేళ్ళు మొదటి అత్తగారితో ఒక్క మాట పడని ఉర్కియే, ఈవిడతో పూటకొకసారి పోట్లాడింది. సెయ్రాన్‌తో చెప్పుకోబోతే, "నేను తెచ్చానా?" అని పెరట్లోకి జారుకునేవాడు.

పాస్‌పోర్టు ఆఫీసులో మాత్రం ఆ నోరే పనికొచ్చింది. తలకి ఇన్ని చదరపు మీటర్లుండాలి, మీ ఇంట్లో లేవు అన్నాడు అధికారి.

"భార్యాభర్తలకి ఎన్ని మీటర్లు కావాలి బాబూ? మీ ఇంట్లో మీరు ఎంత దూరంలో పడుకుంటారు?" అని పరాస్క వరండా మొత్తం వినపడేలా అడిగింది. అధికారి ఎర్రబడి, మళ్ళీ రమ్మన్నాడు. ఆవిడ మళ్ళీ వెళ్ళింది. అల్లిక సామాను పట్టుకుని రోజూ వెళ్ళి ఆ బల్ల ఎదురుగా కూర్చునేది. మొదట్లో బయటికి పొమ్మన్నారు. తర్వాత అలవాటు పడ్డారు. చలి మొదలయ్యాక అధికారికి ఒక జత మేజోళ్ళు కూడా అల్లి, "ముద్ర వేస్తే రెండోది ఇస్తా" అని ఒక్కటే ముందిచ్చింది. మంచు పడ్డాక ముద్ర పడింది. అబ్కెరీమ్ ఒక్కడికే.

అదీ ఎవరూ ఊహించని చిక్కు. కొడుకూ కోడలూ వేరే కుటుంబం కిందికి వస్తారన్నారు. జనవరిలో లారీ మళ్ళీ వచ్చినప్పుడు ఉర్కియేనీ, సెయ్రాన్‌నీ, పిల్లల్నీ మాత్రం ఎక్కించారు. చట్టబద్ధమైన పౌరుడు అబ్కెరీమ్ పెరట్లో నిలబడి, పాస్‌పోర్టు తీసి ఊపుతూ, "నన్నూ తోలండ్రా! నేనూ తాతారునే! నా పిల్లల్ని పంపేసి నన్నుంచుతారా?" అని అరిచాడు. గ్లుష్కో మొహం తిప్పుకున్నాడు. ముసలాయన లారీ వెనక పరిగెత్తబోయి మంచులో జారిపడ్డాడు. పరాస్క ఆయన్ని లేవదీసి పట్టుకుంది. ఇంతకాలం లారీని వేళాకోళం చేసిన ఉర్కియే ఆ రోజు, మొదటిసారిలాగే, ఏడ్చింది. మామగారు ముద్ర ఉన్నందుకు ఏడవడం చూడలేక ఏడ్చింది.

"రొట్టె పొయ్యిలోనే ఉంది అత్తయ్యా, మాడిపోతుంది!" అని మాత్రం అరవగలిగింది.

"నాకు తెలుసులేవే! రేపు త్వరగా రా!" అని పరాస్క అరిచింది.

ఈసారి మంచుకి రైళ్ళు ఆలస్యమై మూడు రోజులు పట్టింది. వచ్చేసరికి ముసలాళ్ళిద్దరూ గేటు దగ్గర కంబళి కప్పుకుని నిలబడి ఉన్నారు. ఎప్పట్నుంచి నిలబడ్డారో అడిగితే చెప్పలేదు.

చివరికి పని అయింది గాని, చట్టం వల్లా కాదు, పెళ్ళి వల్లా కాదు. వసంతంలో ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్లన్నీ ఒకేసారి మొరాయించాయి. ఉన్న మెకానిక్ తాగి కాలవలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. విత్తనాల అదును దాటిపోతోంది. క్షేత్రం అధ్యక్షుడు స్వయంగా నడిచొచ్చి సెయ్రాన్‌ని అడిగాడు. సెయ్రాన్ ఒప్పుకున్నాడు. నాలుగో ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి స్పానర్ కింద పెట్టి, ముద్ర లేనివాడు రాజ్య ఆస్తిని ముట్టుకోకూడదట, ఇప్పుడే గుర్తొచ్చింది అన్నాడు. అధ్యక్షుడు తిట్టాడు, బతిమాలాడు, జిల్లాకి ఫోను చేసి అక్కడా తిట్టాడు. ఆ వారంలోనే ఎదురెదురు ఆఫీసులు రెండూ తెరుచుకున్నాయి. ఒకదానిలో ముద్ర వేశారు, ఇంకోదానిలో ఇంటి అమ్మకం నమోదు చేశారు. బిల్యాల్ గారు వచ్చి ఇది ఉద్యమ విజయం అని ప్రకటించాడు. చెబురెక్కులు తిన్నాడు. ఆయన వాళ్ళకి మాత్రం ఇంకా ముద్ర పడలేదని, ఆ వేసవిలోనే ఆయన్ని మళ్ళీ జైల్లో పెట్టారని తర్వాత తెలిసి, ఆ రోజు ఇంకో నాలుగు పెట్టాల్సిందని ఉర్కియే బాధపడింది.

కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చిన సాయంత్రం పరాస్క పిండి కలుపుతోంది. ఉర్కియే పాస్‌పోర్టు తెరిచి ఆవిడ కళ్ళ ముందు పెట్టింది. ఆవిడ చేతులు తుడుచుకోకుండా, మెడ చాచి, ముద్రని దగ్గర్నుంచి చూసింది.

"అయితే ఇక నిన్ను ఎవరూ ఈ ఇంట్లోంచి పంపలేరన్నమాట."

"లేరు అత్తయ్యా."

"ఇల్లు కూడా నీదే."

"మాదే." ఉర్కియేకి ఆ మాట అనడం ఎందుకో కష్టమైంది. "మనదే."

"మరింకేం, ఇంటిదానివి. నీ ఇంట్లో నీకు నచ్చినట్టు వండుకో. నేనూ మీ మావయ్యా వెనకాల చిన్న గది కట్టుకుంటాం."

"ఎందుకు? ఇప్పుడేమొచ్చింది?"

"ఉల్లిపాయలు నువ్వు తరిగేది చూడలేకపోతున్నానే."

ఉర్కియే పాస్‌పోర్టు అటక మీద పెట్టి, చేతులు కడుక్కుని, కత్తి తీసుకుని బల్ల ముందు కూర్చుంది. "ఎలా తరగాలో చెప్పి ఏడవచ్చుగా మరి," అంది.

పరాస్క బల్ల అటువైపు వచ్చి కూర్చుంది. ఆ కత్తి లాక్కుని, వేలితో పదును చూసి, ఇది కత్తేనా అంది.